ఇంట్లో హింస, లైంగిక దాడి జరిగాక కౌన్సెలింగ్ ఎక్కడ, ఎలా తీసుకోవాలి?

మన దగ్గర కౌన్సెలింగ్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి, ఈ తేడా తెలియక చాలామంది ఆడవాళ్ళు ఒకసారి వెళ్ళొచ్చి మళ్ళీ ఆ గడప తొక్కట్లేదు. మా పిన్ని కూతుర్ని మొదటిసారి ఒక స్టేషన్‌కి తీసుకెళ్తే మొగుణ్ణి, అత్తగారిని పక్కనే కూర్చోబెట్టి అరగంటలో "పిల్లల మొహం చూసి సర్దుకుపోమ్మా" అని పంపించేశారు, దాన్నే కౌన్సెలింగ్ అన్నారు. అది రాజీ పంచాయితీ. మనకి కావాల్సింది మన మనసుకి, మన ప్రాణానికి సంబంధించింది, అది ఎలా దొరుకుతుందో చెప్తాను.

1. ముందు ఈ రాత్రి సంగతి చూడండి
ఇప్పుడే ప్రమాదం ఉంటే 112 కొట్టండి. ప్రాణభయం లేదు గానీ ఎవరితోనన్నా మాట్లాడాలి అంటే 181, ఇది మహిళా హెల్ప్‌లైన్, 24 గంటలూ ఫ్రీ. ఆయన ఫోన్ చెక్ చేసే రకం అయితే పక్కింటి వాళ్ళ ఫోన్ నుంచి చేయండి, మీ ఫోన్ నుంచే చేయాల్సొస్తే మాట్లాడాక కాల్ లిస్ట్‌లోంచి తీసేయండి. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్, మందులు ఒక సంచిలో వేసి నమ్మకమైన వాళ్ళింట్లో పెట్టుకోండి.

2. లైంగిక దాడి జరిగితే ఫస్ట్ హాస్పిటల్
సిగ్గుతో, భయంతో రోజులు గడిచిపోతాయి కానీ హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా వీలైతే 72 గంటల్లోపు, ఆలస్యమైతే ఐదు రోజుల్లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళ్తే ఆధారాలు దొరుకుతాయి, ఆ బట్టలు ప్లాస్టిక్ కవర్లో కాకుండా పేపర్లో చుట్టండి. ఇప్పటికే స్నానం చేసేశారా, పర్లేదు, అయినా వెళ్ళండి. గవర్నమెంట్ అయినా ప్రైవేట్ అయినా ఏ హాస్పిటలూ కాదనకూడదు, వైద్యం ఫ్రీగా చేయాలి, చట్టంలో ఉంది. హాస్పిటల్ వాళ్ళు పోలీసులకి సమాచారం ఇస్తారు, కానీ ఎఫ్ఐఆర్ ఉంటేనే వైద్యం చేస్తాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు. రెండు వేళ్ళ టెస్ట్ (యోనిలో వేళ్ళు పెట్టి చూసే పరీక్ష) చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

3. సఖి సెంటర్‌కి వెళ్ళండి
వన్ స్టాప్ సెంటర్ అన్నా ఇదే. 2015లో కేంద్రం మొదలుపెట్టింది, మన రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాల్లో ఉన్నాయి, అడ్రస్ 181లో అడిగితే చెప్తారు. కౌన్సెలర్, లాయర్ సలహా, పోలీసు సాయం, వైద్యం, మామూలుగా ఐదు రోజుల దాకా ఉండటానికి చోటు, అన్నీ ఒక్క దగ్గరే. కేసు పెడితేనే రావాలని రూలేం లేదు. హైదరాబాద్‌లో అయితే పోలీసులు 2016లో పెట్టిన భరోసా సెంటర్ కూడా ఉంది.

మా చెల్లిని రెండోసారి ఇలాంటి చోటికే తీసుకెళ్ళాం. అక్కడ కౌన్సెలర్ మేడం ముందు తలుపు దగ్గరికి వేసి, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "ఈ రాత్రి ఆ ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందామ్మా?" అని ఒక్కటే అడిగింది. తప్పెవరిదని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకే మా చెల్లి ఏడ్చేసింది.

4. మంచి కౌన్సెలింగో కాదో ఇలా పట్టుకోండి
మిమ్మల్ని ఒంటరిగా కూర్చోబెట్టి వినాలి. కొట్టినవాడితో కలిపి కూర్చోమంటే ఇష్టం లేదని చెప్పండి. గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన రూల్స్‌లోనే ఉంది, కోర్టు పంపిన కౌన్సెలింగ్‌లో అతను "ఆమె ఇలా చేసింది కాబట్టే కొట్టాను" అని సమర్థించుకోవడానికి వీల్లేదు. ఇక రేప్ విషయంలో రాజీ, పెళ్ళి అనే మాట ఎవరు ఎత్తినా, పెద్దమనిషి అయినా సరే, అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

మీరు చెప్పింది గుట్టుగా ఉంచుతారా అని ముందే అడగండి. ఒక్క విషయం, లైంగిక దాడి జరిగింది 18 ఏళ్ళ లోపు పిల్లల మీదైతే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం ప్రకారం కౌన్సెలర్ పోలీసులకి చెప్పి తీరాలి, ఇది తెలుసుకునే వెళ్ళండి. పిల్లల కోసం హెల్ప్‌లైన్ 1098 ఉంది.

5. గడప దాటే వీలు లేకపోతే
టెలిమానస్ 14416, ఇది మనసు బాగోలేనప్పుడు మాట్లాడే గవర్నమెంట్ హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, చచ్చిపోవాలనిపించడం, ఏదైనా చెప్పొచ్చు. లాయర్ కావాలంటే 15100, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు అక్కడి గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

6. ఒక్కసారితో ఆపకండి
మొదటి రెండు మూడు సార్లు ఏమీ చెప్పబుద్ధి కాదు, ఇంటికొచ్చాక ఇంకా బరువుగా ఉంటుంది, అది మామూలే. ఆ కౌన్సెలర్ కుదరకపోతే ఇంకొకరిని అడగండి, తప్పేం లేదు. తోడు వెళ్ళేవాళ్ళు దయచేసి "ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావ్" అని మాత్రం అడగొద్దు, బస్సు ఛార్జీ పెట్టి, పిల్లల్ని చూసుకుంటే చాలు. మా చెల్లి మొదటి మూడుసార్లు నా చెయ్యి వదల్లేదు, మాటా పెద్దగా లేదు. నాలుగోసారి వెళ్ళినప్పుడు "నువ్విక్కడే కూర్చో అక్కా, నేను మాట్లాడొస్తా" అని తనే తలుపు తీసుకుని లోపలికెళ్ళింది.