ఓఓటీపీలో బుల్‌పెన్ వాడకం: మంచి రిలీవర్‌ని తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా దాచకండి

అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ (ఓఓటీపీ) అనే టీమ్ మేనేజర్ కంప్యూటర్ గేమ్ ఆడేవాళ్ళు లైనప్ మీద గంటలు గంటలు కూర్చుంటారు, ట్రేడ్‌ల మీద ఇంకా ఎక్కువ, బుల్‌పెన్ (మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్లు, అంటే రిలీవర్లు) దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆటోమేటిక్‌లో పెట్టి వదిలేస్తారు, జులై వచ్చాక తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరో ఇన్నింగ్స్ వరకు లీడ్‌లో ఉన్న మ్యాచ్‌లన్నీ వరసగా పోతుంటే గేమ్ చీట్ చేస్తోందని గోల. చీటింగ్ ఏం లేదండి, మీ రిలీవర్లు అలిసిపోయారు, అంతే.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది ముందే చెప్పాలి. బుమ్రా చేత రెండు ఓవర్లు వేయించి పక్కన పెట్టి డెత్‌లో మళ్ళీ తెచ్చుకోవడం మనకి అలవాటు కదా, ఇక్కడ అది కుదరదు, ఒకసారి తీసేసిన పిచ్చర్ ఆ మ్యాచ్‌లోకి మళ్ళీ రాడు. పైగా రేపు మళ్ళీ మ్యాచ్, ఎల్లుండి మళ్ళీ మ్యాచ్, సీజన్ మొత్తం 162. అందుకే ఎవర్ని దింపాలి అని ఆలోచించేటప్పుడు రేపు ఎవరు మిగుల్తారు అన్నది కూడా పక్కనే పెట్టుకుని చూడాలి.

మ్యాచ్ మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం పిచ్చర్ల పేజీ తెరిచి గత కొన్ని రోజుల్లో ఎవరెన్ని పిచ్‌లు వేశారో చూడండి. నేను వాడే లెక్క చాలా మోటుది: నిన్న 15 లోపు వేసినవాడు ఇవాళ రెడీ, 25 దాటితే ఒక రోజు సెలవు, 35 దాటితే రెండు రోజులు, వరసగా రెండు రోజులు వేసినవాడిని మూడో రోజు ముట్టుకోను, ఎంత టైట్ మ్యాచ్ అయినా సరే. స్టామినా రేటింగ్ బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, లాంగ్ రిలీఫ్ వాడు (ఎక్కువ ఇన్నింగ్స్ వేసే రిలీవర్) 40 వేసినా తట్టుకుంటాడు, సెటప్ వాడికి (క్లోజర్‌కి ముందు వచ్చేవాడు) 30 అంటేనే చెయ్యి వాలిపోతుంది. ఇంకోటి, కొంచెం భయమేసినప్పుడల్లా ఒకణ్ణి లేపి వార్మప్ చేయించి, అవసరం తీరాక కూర్చోబెట్టేస్తుంటారు కొందరు. అది కూడా చేతికి పనే, ఊరికే పోదు.

ఎమ్మెల్బీ (అమెరికా మేజర్ లీగ్) రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, 26 మంది, అందులో పిచ్చర్లు గరిష్ఠంగా 13, ఐదుగురు స్టార్టర్లు పోతే రిలీవర్లు ఎనిమిదే. ఆ ఎనిమిదిలో నమ్మకంగా దింపగలిగేది ముగ్గుర్నో నలుగుర్నో, మిగతావాళ్ళు ఇన్నింగ్స్ తినడానికి. ఆ తినేవాళ్ళని చిన్నచూపు చూడొద్దు. 9-2తో ఓడిపోతున్నప్పుడు మాప్‌అప్ రోల్ వాడు మూడు ఇన్నింగ్స్ లాక్కొస్తే, ఏడు పరుగులిచ్చినా పర్లేదు, రేపటికి మీ మంచోళ్ళు నలుగురూ ఫ్రెష్‌గా ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఏడో ఇన్నింగ్స్, మీరు 4-3 లీడ్‌లో ఉన్నారు, ఒక అవుట్ అయింది (మూడైతే ఇన్నింగ్స్ పూర్తి), ఫస్ట్ బేస్‌లో ఒక రన్నర్, సెకండ్ బేస్‌లో ఒకడు, బ్యాటింగ్‌కి వచ్చేది వాళ్ళ మూడో నంబరు, వెనకే నాలుగు. ఆటోలో వదిలేస్తే మామూలుగా మిడిల్ రిలీఫ్ వాడు వస్తాడు, ఎందుకంటే ఇది ఏడో ఇన్నింగ్స్, క్లోజర్ (మ్యాచ్ ముగించే రిలీవర్) వచ్చేది తొమ్మిదో ఇన్నింగ్స్‌లో. కానీ మ్యాచ్ ఇక్కడే తేలిపోతుంది కదా! మీ దగ్గరున్న బెస్ట్ ఆర్మ్‌ని ఇప్పుడే దింపండి. వాడు ఆ ఇద్దర్నీ తీసేశాడనుకోండి, ఎనిమిదిలో ఐదు, ఆరు, ఏడు నంబర్లొస్తారు, వాళ్ళనీ క్లీన్‌గా పంపేస్తే తొమ్మిదిలో మిగిలేది ఎనిమిది, తొమ్మిది, ఒకటి, ఆ పని సెటప్ వాడు చూస్కుంటాడు. సేవ్ (లీడ్ నిలబెట్టి మ్యాచ్ ముగించినవాడికి దక్కే లెక్క) ఎవరి ఖాతాలో పడితే మనకేంటి. గేమ్‌లో దీనికోసమే స్టాపర్ అని ఒక రోల్ ఉంది, మీ నంబర్ వన్‌ని దాన్లో పెట్టి క్లోజర్‌గా రెండోవాణ్ణి పెట్టండి, మ్యాచ్‌ని గేమ్‌కే వదిలేసి సిమ్ చేసే రోజుల్లో కూడా పని జరుగుతుంది.

నిజం బేస్‌బాల్‌లో దీనికి రెండు వైపులా ఉదాహరణలు ఒకే ఏడాది దొరికాయి. 2016లో బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిట్టన్ 47 సేవ్ ఛాన్స్‌లకి 47 సేవ్ చేశాడు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచ్చర్ ఖాతాలో పడే పరుగులు) 0.54, అలాంటివాడు టొరంటోలో ఓడితే ఇంటికే అన్న వైల్డ్ కార్డ్ మ్యాచ్ 2-2 మీద 11వ ఇన్నింగ్స్‌కి వెళ్ళినా బుల్‌పెన్‌లోనే ఉండిపోయాడు, బదులుగా వేసిన ఉబాల్డో హిమెనెజ్ బాల్‌ని టొరంటో బ్యాటర్ ఎన్‌కార్నాసియోన్ స్టాండ్స్‌లోకి పంపాడు, బాల్టిమోర్ సీజన్ అయిపోయింది. అదే అక్టోబర్‌లో క్లీవ్‌లాండ్ మేనేజర్ టెరీ ఫ్రాంకోనా తన బెస్ట్ రిలీవర్ ఆండ్రూ మిల్లర్‌ని అవసరమైతే ఐదో ఇన్నింగ్స్‌లోనే దింపాడు, మిల్లర్ ఏఎల్‌సీఎస్ (అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్) ఎంవీపీ, అంటే సిరీస్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. అయితే మిల్లర్‌ని అలా వాడింది ప్లేఆఫ్స్‌లో, మధ్యలో ఆఫ్ డేలు ఉంటాయి, మీరు మే నెలలో అదే పని రోజూ చేస్తే ఆగస్టుకి వాడు మిగలడు.

లెఫ్టీ స్పెషలిస్ట్ (లెఫ్టీ బ్యాటర్ల కోసం దింపే ఎడమచేతి పిచ్చర్) గురించి. 2020 నుంచి రూల్ ఏంటంటే, మ్యాచ్‌లోకి దిగిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వెయ్యాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. ఆ "లేదా" దగ్గరే మన పని ఉంది, రెండు అవుట్లు అయ్యాక లెఫ్టీని దింపితే ఒక్క అవుట్‌తో ఇన్నింగ్స్ అయిపోతుంది, వాడి రూల్ కూడా తీరిపోతుంది. అదే అవుట్లేమీ లేకుండా దింపే ముందు ఒక్క బ్యాటర్‌ని కాదు, వరసగా ముగ్గుర్ని చూడండి, మధ్యలో ఇద్దరు రైటీలు పవర్ హిట్టర్లయితే ఆ ఆలోచన మానేయడమే మంచిది.

స్టార్టర్‌ని ఎప్పుడు తియ్యాలి అంటే 100 పిచ్‌ల అంకె కన్నా లైనప్ మూడో రౌండ్ మొదలైందా అన్నది చూడండి, మూడోసారి చూసే బ్యాటర్ బాగా కొడతాడు, ఇది ఎన్నో ఏళ్ళ లెక్కల్లో తేలిన విషయమే. అలాగని కళ్ళు మూసుకుని తీసెయ్యమని కాదు, తెచ్చేవాడు అలిసిపోయి ఉంటే ఉన్నవాణ్ణి ఉంచడమే నయం. 2020 వరల్డ్ సిరీస్ ఆరో గేమ్‌లో టాంపా బే వాళ్ళు తమ స్టార్టర్ బ్లేక్ స్నెల్‌ని 73 పిచ్‌లకే తీసేసి నిక్ ఆండర్సన్‌ని తెచ్చారు, ఆ ఇన్నింగ్స్‌లోనే లీడ్ పోయింది, కప్పు డాడ్జర్స్‌కి వెళ్ళింది.

ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెగ్యులర్ సీజన్ అయితే సెకండ్ బేస్‌లో ఒక రన్నర్ ఫ్రీగా ఉంటాడు కాబట్టి అక్కడ స్ట్రైకౌట్ చేసేవాడు కావాలి, ఫ్లై బాల్స్ (గాల్లోకి లేచే షాట్లు) ఇచ్చేవాడు పనికిరాడు, రెండు ఫ్లైలతోనే ఆ రన్నర్ ఇంటికొచ్చేస్తాడు. అలాంటి మ్యాచ్ తర్వాతి రోజు బుల్‌పెన్ ఖాళీగా ఉంటే ఆప్షన్లున్న (అంటే కిందికి పంపే వీలున్న) కుర్రాణ్ణి ఒకణ్ణి ట్రిపుల్-ఏ అనే కింది లీగ్‌కి పంపి ఫ్రెష్ చెయ్యి తెచ్చుకోండి, ఎమ్మెల్బీ రూల్ ప్రకారం కింద పెట్టిన పిచ్చర్ మామూలుగా 15 రోజులు అక్కడే ఉండాలి, ఒకే సీజన్‌లో ఒకణ్ణి ఐదుసార్లకి మించి పంపలేరు, అందుకని ఏప్రిల్లోనే ఆ ఐదూ ఖర్చుపెట్టెయ్యకండి. ప్లేఆఫ్స్‌లో ఆ ఫ్రీ రన్నర్ ఉండడు, మ్యాచ్ ఎంత దూరమైనా పోవచ్చు, కాబట్టి అక్టోబర్ రోస్టర్ రాసేటప్పుడు లాంగ్ రిలీఫ్ వాణ్ణి ఒకణ్ణి మాత్రం ఉంచుకోండి.