గూగుల్ షీట్‌లో డ్రాఫ్ట్ పిక్‌ల ట్రేడింగ్ అప్లికేషన్ రాసే విధానం

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం డ్రాఫ్ట్, అందులో ఒక జట్టుకు దక్కే ఎంపిక వంతు పిక్; ఈ పిక్‌లను జట్లు మార్చుకోవడమే ట్రేడ్. ఎన్‌బీఏ జట్ల పిక్‌ల మార్పిడిని మిత్రులతో కలిసి ఆడుకునే అప్లికేషన్‌ను సర్వర్ ఖర్చు లేకుండా గూగుల్ షీట్స్, దానికి కోడ్ రాసే యాప్స్ స్క్రిప్ట్‌లతో తయారు చేయవచ్చు. అయితే స్క్రిప్ట్ ఒకసారి 6 నిమిషాలకు మించి నడవదు. గడి మార్చగానే దానంతటదే మొదలయ్యే ఆన్‌ఎడిట్ అనే సాధారణ ట్రిగ్గర్‌కు (కోడ్‌ను మొదలుపెట్టే ఏర్పాటుకు) 30 సెకన్లే ఉంటాయి, పైగా ఈమెయిల్ పంపడం వంటి అనుమతి కోరే పనులు దానికి సాధ్యం కావు. అందువల్ల ట్రేడ్‌ను ఆమోదించే బాధ్యతను మెనూలోని ఒక ఆదేశానికే అప్పగించండి.

జట్లు 30, రౌండ్లు 2, ముందుగా మార్చుకోదగిన డ్రాఫ్ట్‌లు 7 కాబట్టి పట్టిక 420 వరుసలకు మించదు. ప్రతి వరుసలో సంవత్సరం, రౌండ్, అసలు జట్టు, ప్రస్తుత యజమాని వేర్వేరు గడుల్లో ఉండాలి. పిక్ ఎన్నో స్థానంలో వస్తుందన్నది అసలు జట్టును బట్టి తేలుతుంది కాబట్టి, ఎన్ని చేతులు మారినా ఆ గడిని ముట్టుకోకూడదు. ఆలస్యమయ్యేది లెక్కల వల్ల కాదు, కోడ్ షీట్‌ను పదేపదే పిలవడం (చదవడం, రాయడం) వల్ల. కనుక పట్టికనంతా గెట్‌వాల్యూస్ అనే ఫంక్షన్‌తో ఒక్కసారే చదవండి.

అసలు శ్రద్ధ పెట్టవలసినది స్టెపియన్ నిబంధన మీద. 1980ల ఆరంభంలో క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ మొదటి రౌండ్ పిక్‌లను విచ్చలవిడిగా వదులుకోవడంతో వచ్చిన ఈ నిబంధన ప్రకారం, రాబోయే డ్రాఫ్ట్‌లలో ఏ రెండు వరుస ఏళ్లలోనూ ఏ జట్టూ మొదటి రౌండ్ పిక్ లేకుండా మిగలకూడదు. ఆ పిక్ సొంతదే కానక్కర్లేదు, మరో జట్టుదైనా చాలు. పట్టిక నకలులో ట్రేడ్‌ను అమలు చేసి, అందులో పాల్గొన్న ప్రతి జట్టుకూ ఏడాదివారీగా మొదటి రౌండ్ పిక్‌లను లెక్కించండి. షరతుతో (ఉదాహరణకు, ఫలానా స్థానంలోపు వస్తే ఇవ్వనని) ఇచ్చిన పిక్ ఎవరికి దక్కుతుందో ముందుగా తెలియదు కనుక, దాన్ని ఇచ్చిన జట్టుకు గాని పుచ్చుకున్న జట్టుకు గాని లెక్కలో చేర్చకండి.

ఇద్దరు ఒకేసారి ఆమోదం నొక్కితే ఒకే పిక్ రెండుసార్లు అమ్ముడుపోతుంది. దీన్ని నివారించాలంటే ఒకసారికి ఒకరినే అనుమతించే లాక్‌సర్వీస్ తాళం చేతికి వచ్చిన తరువాతే పట్టికను చదవాలి, రాయడం ముగిశాక ఫ్లష్ చేసి (మార్పులు షీట్‌లో వెంటనే నమోదయ్యేలా చేసి) అప్పుడే తాళం వదలాలి. ప్రతి ట్రేడ్‌ను విడి షీట్‌లో కొత్త వరుసగా చేర్చితే, పొరపాటు జరిగినప్పుడు వెనక్కి తిప్పడం తేలిక.

పరీక్షించడానికి ఒక జట్టుకు ఉన్న 2029, 2030 మొదటి రౌండ్ పిక్‌లను ఒకే ట్రేడ్‌లో ఇచ్చి చూడండి: తిరస్కరించాలి. అదే ట్రేడ్‌లో ఆ జట్టుకు వేరొకరి 2030 మొదటి రౌండ్ పిక్ షరతు లేకుండా వస్తే ఆమోదించాలి.