డాక్టర్ ‘ఫిజియో’ అని రాశారా? అక్కడికి వెళ్లి పని ఎలా చేయించుకోవాలంటే

ఎముక విరిగి కట్టు విప్పాకో, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యాకో, భుజం పట్టేసి చెయ్యి పైకి లేవనప్పుడో ఆర్థో డాక్టర్ చీటీ మీద ‘ఫిజియో’ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. చాలామంది వెళ్తారు, కాసేపు కరెంటు పెట్టించుకుంటారు, ఇంటికొచ్చి మళ్లీ మంచం ఎక్కుతారు, కొన్నాళ్లకి “ఫిజియో చేయించాం, లాభం లేదు” అంటారు. లాభం ఎలా ఉంటుంది? ఆస్పత్రిలో గడిపేది రోజుకి అరగంటో గంటో, మిగతా టైమంతా ఇంట్లోనే కదా. అక్కడికి వెళ్లేది నేర్చుకోవడానికి, ఎంతవరకు వచ్చామో కొలిపించుకోవడానికి. కోలుకునే పని జరిగేది ఇంట్లో.

మొదటిరోజు ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ కాగితం, ఆపరేషన్ వివరాలు, వాడే మందుల చీటీ అన్నీ పట్టుకెళ్లండి. కాలికి రాడ్డో ప్లేటో వేసి ఉంటే ఆ కాగితాల్లో ఒక్క విషయం తప్పకుండా వెతకండి: కాలి మీద ఎంత బరువు వేయొచ్చు? అసలు ఆనించకూడదా, వేళ్లు మాత్రం తాకించాలా, సగం బరువా, మొత్తమా? అది లేకపోతే ఫిజియోథెరపిస్ట్ కూడా ముందుకెళ్లలేరు, సర్జన్‌ని అడిగి రాయించుకు రావాల్సిందే. ‘సగం బరువు’ అంటే ఎంతో తెలియాలంటే మామూలు బరువు తూచే మెషీన్ మీద ఆ కాలు పెట్టి, వాకర్ పట్టుకుని మెల్లగా నొక్కుతూ ముల్లు ఎక్కడికి వస్తుందో చూడండి, అప్పుడప్పుడూ ఇలా చేస్తుంటే ఒక అంచనా వస్తుంది. తుంటి మార్పిడి అయినవాళ్లు ఎంతవరకు వంగొచ్చు, కాలు మీద కాలు వేసుకోవచ్చా అనేది కూడా సర్జన్‌నే అడగాలి, ఆపరేషన్ ఏ వైపు నుంచి చేశారన్నదాన్ని బట్టి ఆ జాగ్రత్తలు మారతాయి.

వదులు బట్టలు వేసుకెళ్లండి. కీలు కనపడకపోతే కొలవలేరు. రెండు చేతులున్న ఒక ప్లాస్టిక్ స్కేలు కీలు పక్కన పెట్టి ఎంత వంగుతోంది, ఎంత చాపగలుగుతున్నారు అని చూస్తారు, కండ బలానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. ఆ అంకెలు అడిగి మీ ఫోన్‌లో రాసుకోండి. మోకాలి విషయమే తీసుకుంటే, చదునైన నేల మీద నడవడానికి అది 60 - 65 డిగ్రీలు వంగితే చాలు, కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 పైన కావాలి. వంగడం గురించి అందరూ కంగారు పడతారు గానీ, నన్నడిగితే పూర్తిగా చాపగలగడం అంతకన్నా ముఖ్యం, మోకాలు కొంచెం వంగే ఉండిపోతే జీవితాంతం కుంటు నడకే. అందుకే ఆపరేషన్ అయిన మోకాలి కింద దిండు పెట్టొద్దు. హాయిగానే ఉంటుంది, కానీ కీలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. మడత పెట్టిన టవల్‌ని మడమ కింద పెట్టి, మోకాలి వెనక భాగం మంచం వైపు దిగేలా తొడ కండ బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలండి.

నొప్పి వస్తే ఆపేయాలా అంటే, అన్నిసార్లూ కాదు. పదికి నాలుగైదు దాకా నొప్పి వచ్చి, తెల్లారేసరికి తగ్గిపోతే ఫర్వాలేదు. మర్నాటికి వాపు, నొప్పి పెరిగి ఉంటే ఎక్కువ చేశారన్నమాట, మానేయకండి, తగ్గించండి. ఐస్ పెడితే గుడ్డలో చుట్టి 15 - 20 నిమిషాలు, నేరుగా చర్మం మీద కాదు. కానీ కొన్నిటికి ఈ లెక్క పనికిరాదు: ఒక కాలి పిక్క వాచి నొప్పిగా వేడిగా ఉన్నా, కుట్ల దగ్గర చీము, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఛాతీ నొప్పో ఉన్నట్టుండి ఆయాసమో వచ్చినా, నడుం నొప్పి ఉన్నవాళ్లకి మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా నేరుగా ఎమర్జెన్సీకే.

మెషీన్ల సంగతి. కరెంటు, అల్ట్రాసౌండ్ (స్కాన్ కాదు, ధ్వని తరంగాలతో చేసే చికిత్స), వ్యాక్స్ (వేడి మైనం) ఇవన్నీ నొప్పిని కాసేపు తగ్గించి వ్యాయామానికి దారి చేస్తాయేమో గానీ వ్యాయామానికి బదులు కావు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి, వాళ్లకి కొన్ని మెషీన్లు పెట్టకూడదు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేడి పెట్టించుకునేటప్పుడు మరీ జాగ్రత్త, కాలినా తెలీదు. వెళ్లిన ప్రతిసారీ మెషీనే తప్ప మళ్లీ కొలవడం గానీ కొత్త వ్యాయామం గానీ లేకపోతే “నా ప్లాన్ ఏంటి?” అని మొహమాటం లేకుండా అడగండి.

విరిగిన మోచేతికి మాత్రం ఎవరు చెప్పినా గట్టిగా మాలిష్ చేయించొద్దు, బలవంతంగా వంచనివ్వొద్దు. అలా చేస్తే కండలోనే ఎముక పెరిగి చెయ్యి అసలు కదలకుండా పోయే ప్రమాదం ఉంది.

చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ తుంటి మీద బరువు తగ్గేది అలాగే. చెయ్యి కిందికి వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు ఎత్తుకి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు, కర్ర ముందు. రెయిలింగ్ ఉంటే వదలొద్దు.

భుజం పట్టేసినవాళ్లకి ఒక మాట: ఇది నెలల్లో తేలే వ్యవహారం కాదు, ఏడాది నుంచి మూడేళ్లు కూడా పట్టొచ్చు, షుగర్ ఉంటే ఇంకా మొండిగా ఉంటుంది. బాగా నొప్పిగా ఉన్న దశలో గుంజకుండా మెల్లగా ఊపడం, నొప్పి తగ్గి బిగుతు మిగిలాక సాగదీయడం.

పెద్ద ఆస్పత్రుల్లో ఇదే విభాగంలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ కూడా ఉంటారు, ఎవరూ పంపరు కాబట్టి మీరే అడగాలి. ఒంటి చేత్తో చొక్కా వేసుకోవడం, జారకుండా స్నానం చేయడం, టాయిలెట్ సీటు ఎత్తు పెంచుకోవడం, మళ్లీ పనిలోకి వెళ్లినప్పుడు బరువులు ఎలా ఎత్తాలి లాంటివి నేర్పేది వాళ్లే. వెళ్లేటప్పుడు ఇంట్లో బాత్‌రూమ్, మంచం, మెట్లు ఫోన్‌లో ఫొటోలు తీసుకెళ్తే పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలో చూపించి చెప్తారు.