ఇంజనీరింగ్ తొలి సెమిస్టర్ కాలిక్యులస్: తప్పు ఎక్కడ మొదలవుతోంది, ఎలా సరిచేసుకోవాలి

విజయవాడ, గుంటూరు పరిసరాల ఇంజనీరింగ్ కళాశాలల్లో చేరే విద్యార్థుల్లో చాలామంది ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివి, ఈఏపీసెట్ రాసి వచ్చినవారే. అవధులు (లిమిట్స్), అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) అన్నీ ఆ రెండేళ్లలో ఒకసారి దాటివచ్చినవారే. అటువంటివారు సైతం మొదటి సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్ పేపరు దగ్గర తడబడి, తమకు లెక్కలు రావని తేల్చేసుకోవడం చూస్తే బాధ కలుగుతుంది. వారి కాగితాలను వరుస వరుసగా పరిశీలిస్తే, తప్పు చాలాసార్లు కాలిక్యులస్‌లో కాకుండా దానికి ముందున్న అంశంలోనో, చదివే అలవాటులోనో కనిపిస్తుంది. అందుచేత ముందు లక్షణాన్ని గుర్తించి, దాని వెనుక కారణాన్ని వెతికి, ఆ కారణానికి తగిన పని మాత్రమే చేయాలి. అన్నింటికీ కలిపి "ఇంకా ఎక్కువ లెక్కలు చెయ్యి" అనే సలహా వల్ల ప్రయోజనం తక్కువ.

క్లాసులో అర్థమవుతోంది, రాత్రికి హాస్టల్‌లో అదే లెక్క ముందుకు సాగడం లేదు

బోర్డు మీద లెక్క జరుగుతున్నప్పుడు తరువాతి మెట్టు ఏమిటో నిర్ణయించే పని అధ్యాపకుడు చేస్తారు. విద్యార్థి ఆ మెట్టు సరైనదేనని ఒప్పుకుంటాడు. ఒప్పుకోవడం, నిర్ణయించడం వేర్వేరు పనులు. నోట్సును మళ్లీ మళ్లీ చదవడం, యూట్యూబులో అదే పాఠం మరొకరు చెబుతుండగా చూడడం మొదటి పనినే పెంచుతాయి.

చేయవలసింది ఇది. ప్రశ్నను మాత్రం ఖాళీ కాగితం మీద రాసుకుని నోట్సు మూసివేయాలి. ఆగిపోయిన చోట గీత గీసి, నోట్సులో ఆ ఒక్క వరుస చూసి, మళ్లీ మూసివేసి, లెక్కను మొదటి నుంచి రాయాలి. కాగితం మీద గీత గీసిన ప్రతి చోటా మీకు తెలియని ఒక నిర్ణయం ఉంది; "ఇక్కడ ఈ ప్రతిక్షేపణ ఎందుకు?" అని పక్కన ఒక వాక్యంలో రాయగలిగితేనే ఆ మెట్టు మీదైనట్లు. రెండు మూడు రోజుల తరువాత అదే లెక్కను ఏమీ చూడకుండా చేయగలిగితే దాన్ని వదిలి ముందుకు వెళ్లవచ్చు.

సమాధానం సరిగ్గానే వచ్చింది, మార్కులు రాలేదు

దీని మూలం ప్రవేశ పరీక్షలో ఉంది. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితమే. తప్పు జవాబుకు మార్కులు తగ్గవు. ఒక్కో ప్రశ్నకు సగటున నిమిషం పైచిలుకు సమయమే దక్కుతుంది కనుక, ఆప్షన్లను ఒక్కొక్కటిగా తొలగించడం, విలువలు వేసి చూడడం, సూత్రాన్ని నేరుగా వాడేయడం అక్కడ తెలివైన పద్ధతులే. సెమిస్టర్ పరీక్ష అడిగేది వేరు. రోల్ సిద్ధాంతాన్ని సరిచూడమంటే, అవకలజాన్ని సున్నకు సమానం చేసి బిందువును కనుక్కోవడం లెక్కలో సగం మాత్రమే. సంవృత అంతరంలో (చివరలు కలిపి) ప్రమేయం అవిచ్ఛిన్నమా, వివృత అంతరంలో (చివరలు వదిలి) అవకలనీయమా, రెండు చివరల్లో విలువలు సమానమా అనే మూడు నియమాలను కారణంతో సహా రాయాలి.

ఈ నియమాలు మార్కుల కోసం పెట్టిన లాంఛనం అనుకునేవారు ఒక్కసారి మాడ్ ఎక్స్ ప్రమేయాన్ని మైనస్ 1 నుంచి 1 వరకు తీసుకుని చూడాలి. రెండు చివరల్లోనూ విలువ 1, మధ్యలో ఎక్కడా తెగదు. అయినా అవకలజం సున్న అయ్యే బిందువు ఆ అంతరంలో ఎక్కడా దొరకదు: ఎడమవైపు అంతా అవకలజం మైనస్ 1, కుడివైపు అంతా 1, సున్న దగ్గర అసలు లేదు. ఒక్క నియమం తప్పినందుకే సిద్ధాంతం చెప్పిన ఫలితం చేతికి రాలేదు.

సున్న బై సున్న వంటి అనిశ్చిత రూపం వచ్చినప్పుడు లవహారాలను విడివిడిగా అవకలనం చేసి అవధి కనుక్కునే లోపిటాల్ నియమం విషయంలోనూ ఇదే జరుగుతుంది. లవం ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1, హారం ఎక్స్ ప్లస్ 1 అయిన భిన్నానికి ఎక్స్ 1ని సమీపించేటప్పుడు అవధి కనుక్కోమంటే, కొందరు వెంటనే పైనా కిందా అవకలనం చేసి 2 అని రాస్తారు. అక్కడ రూపం సున్న బై సున్న కాదు. విలువను నేరుగా వేస్తే అవధి 1. నియమాన్ని వాడే ముందు, ఇది ఫలానా అనిశ్చిత రూపం అని ఒక వరుస రాసే అలవాటు ఉంటే ఈ తప్పు జరగదు.

పద్ధతి తెలుసు, చివరికి ఏదో ఒకచోట తప్పుతోంది

ఈ ఫిర్యాదు అన్నింటికంటే ఎక్కువగా వినిపిస్తుంది, దీనికి కాలిక్యులస్‌తో సంబంధం అన్నింటికంటే తక్కువ. ఎక్స్ క్యూబ్ ప్లస్ వై క్యూబ్ మైనస్ 3 ఎక్స్ వై అనే ప్రమేయానికి గరిష్ఠ, కనిష్ఠ విలువలు అడిగారనుకుందాం. పాక్షిక అవకలజాలను సున్నకు సమానం చేస్తే, వై విలువ ఎక్స్ స్క్వేర్‌కూ, ఎక్స్ విలువ వై స్క్వేర్‌కూ సమానమని వస్తుంది. ఒకదాన్ని మరొకదానిలో వేస్తే ఎక్స్ నాలుగో ఘాతం ఎక్స్‌కు సమానం. ఇక్కడ ఇరువైపులా ఎక్స్‌తో భాగించేవారు (1, 1) బిందువును మాత్రమే పట్టుకుని (0, 0)ను పోగొట్టుకుంటారు. ఎక్స్ సున్న కావచ్చునన్న అనుమానం ఉంటే భాగించకుండా ఒకవైపుకు తెచ్చి కారణాంకాలుగా విడదీయాలి. ఆ తరువాత రెండో పాక్షిక అవకలజాలు కావాలి: ఎక్స్ పరంగా రెండుసార్లు చేస్తే ఆర్, వై పరంగా రెండుసార్లు చేస్తే టీ, ఒక్కోదాని పరంగా ఒక్కోసారి చేస్తే ఎస్. ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ విలువ (1, 1) దగ్గర 27, ఆర్ విలువ 6 కనుక అది కనిష్ఠం, కనిష్ఠ విలువ మైనస్ 1. (0, 0) దగ్గర మైనస్ 9 కనుక అది గరిష్ఠమూ కనిష్ఠమూ కాని శాడిల్ బిందువు. కాలిక్యులస్ భాగమంతా సరిగ్గా చేసి, తొమ్మిదో తరగతి బీజగణితం దగ్గర మార్కులు వదులుకోవడం న్యాయం కాదు.

పరిష్కారానికి ఒక చిన్న నోటుపుస్తకం చాలు. తప్పిన ప్రతి లెక్కలో తప్పు మొదలైన మొదటి వరుసను మాత్రమే అందులో రాసి, పక్కన కారణం పేరు పెట్టాలి: గుర్తు, భిన్నం, త్రికోణమితి సూత్రం, భాగహారం, గొలుసు నియమం (చైన్ రూల్). రెండు వారాల తరువాత చూస్తే ఏదో ఒకటి రెండు పేర్లే పదే పదే కనిపిస్తాయి. సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌కు అవకలజం రాసేటప్పుడు ముందు రావలసిన 2 ఎక్స్‌ను మరచిపోయేవారు గొలుసు నియమం మీద ఒక సాయంత్రం గడిపితే సరిపోతుంది. వారు యూనిట్ మొత్తం తిరిగి చదవనవసరం లేదు. త్రికోణమితి పదే పదే కనిపిస్తే ఇంటర్ మొదటి సంవత్సరం గణితం పుస్తకాన్ని మళ్లీ తెరవాలి. ఇంటి దగ్గర లేకపోతే విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో వెతకవచ్చు.

రెండు చరరాశులు రాగానే అంతా కొత్తగా ఉంది

ఇది నిజంగా కొత్త విషయమే. ఇంటర్‌లో అవధి అంటే ఎడమ, కుడి రెండు వైపుల నుంచి చూస్తే చాలు. తలంలో ఒక బిందువును చేరడానికి దారులకు లెక్కలేదు. విజయవాడ బెంజి సర్కిల్‌కు గుంటూరు నుంచి వారధి మీదుగా రావచ్చు, ఏలూరు వైపు నుంచి రావచ్చు, బందరు రోడ్డు మీద రావచ్చు. అవధి ఉందనాలంటే ఏ దారిన వచ్చినా ఒకే విలువ కనిపించాలి. లవం ఎక్స్ వై, హారం ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ అయిన భిన్నాన్ని (0, 0) దగ్గర చూస్తే, ఎక్స్ అక్షం వెంట విలువ 0, వై ఈక్వల్స్ ఎక్స్ రేఖ వెంట 1/2. కనుక అవధి లేదు.

ఇక్కడ విద్యార్థులు చేసే అసలు పొరపాటు దీనికి విలోమంగా ఉంటుంది: రెండు మూడు సరళరేఖల వెంట ఒకే విలువ వచ్చింది కనుక అవధి ఉందని రాసేస్తారు. లవం ఎక్స్ స్క్వేర్ వై, హారం ఎక్స్ నాలుగో ఘాతం ప్లస్ వై స్క్వేర్ అయితే, మూలబిందువు గుండా పోయే ప్రతి సరళరేఖ వెంటా 0 వస్తుంది. వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ పరావలయం వెంట మాత్రం 1/2 వస్తుంది. దారులను పోల్చి అవధి లేదని నిరూపించవచ్చు, ఉందని నిరూపించలేము.

పాక్షిక అవకలనంలో ఇబ్బంది ఇంతకంటే చిన్నది. వైని స్థిరరాశిగా భావించమంటే మనసులో భావించి సరిపెట్టుకోకుండా, కొన్నాళ్లపాటు దాని చోట 5 అని రాసి అవకలనం చేసి, తరువాత వైని తిరిగి పెట్టి చూస్తే అలవాటవుతుంది.

ద్విసమాకలని (డబుల్ ఇంటిగ్రల్) హద్దులు ఎప్పుడూ తప్పుతున్నాయి

కారణం ఒక్కటే: పటం గీయకపోవడం. ఎక్స్ 0 నుంచి 1 వరకు, వై విలువ ఎక్స్ నుంచి 1 వరకు, సమాకలించవలసింది ఈ టు ది పవర్ వై స్క్వేర్ అనుకోండి. ముందుగా వై పరంగా చేయబోతే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే దాని సమాకలని మనకు తెలిసిన సాధారణ ప్రమేయాల్లో రాదు. క్రమం మార్చమన్నారని హద్దులను ఉన్నవున్నట్లు తారుమారు చేస్తే, బయటి సమాకలనికి హద్దుగా ఎక్స్ మిగిలిపోతుంది. బయటి హద్దులో చరరాశి కనిపించిందంటే అక్కడే ఆగాలి.

వై ఈక్వల్స్ ఎక్స్, వై ఈక్వల్స్ 1, వై అక్షం మూడూ గీస్తే ఒక త్రిభుజం కనిపిస్తుంది. నిలువు పట్టీ గీసినప్పుడు అది కింద వాలురేఖ నుంచి పైన 1 వరకు పోతుంది. ఇచ్చిన హద్దులు అవే. అడ్డు పట్టీ గీస్తే అది వై అక్షం దగ్గర మొదలై వాలురేఖ దగ్గర ముగుస్తుంది, అంటే ఎక్స్ 0 నుంచి వై వరకు, వై 0 నుంచి 1 వరకు. లోపలి సమాకలని చేయగానే బయట ఒక వై వచ్చి చేరుతుంది, వై స్క్వేర్‌ను ప్రతిక్షేపిస్తే జవాబు ఈ మైనస్ 1 మొత్తాన్ని 2తో భాగించినంత. అసాధ్యంగా కనిపించిన లెక్క ఒక త్రిభుజం గీయడంతో మూడు వరుసల్లో పూర్తయింది. అందుకే పటం గీయకుండా ఏ ద్విసమాకలనినీ మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను.

ధ్రువ నిరూపకాల్లోకి మారేటప్పుడు అదనంగా రావలసిన ఆర్‌ను మరచిపోయేవారు, వ్యాసార్థం 'ఏ' (a) అయిన వృత్తం వైశాల్యంతో సరిచూసుకోవాలి. ఆర్ లేకుండా చేస్తే 2 పై ఏ వస్తుంది, అది చుట్టుకొలత. ఆర్‌తో చేస్తే పై ఏ స్క్వేర్ వస్తుంది.

మొదటి మిడ్‌లో మంచి మార్కులు, ఆ తరువాత ఒక్కసారిగా పతనం

జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 సిలబస్‌లో ఈ పేపరు మొదటి రెండు యూనిట్లు మాత్రికలు, ఐగన్ విలువలు. కాలిక్యులస్ చివరి మూడు యూనిట్లలో ఉంది. మాత్రికలతో వచ్చిన మార్కులు చూసి నిశ్చింతగా ఉన్నవారికి సెమిస్టర్ చివర్లో మధ్యమ మూల్య సిద్ధాంతాలు, పాక్షిక అవకలనం, బహుళ సమాకలనులు వెంటవెంటనే వచ్చి పడతాయి. పరీక్ష ముందు "ఇంపార్టెంట్స్" మీద ఆధారపడితే సిద్ధాంతాల నిర్వచనాలు గుర్తుండవచ్చు గాని, హద్దులు గుర్తించే నైపుణ్యం రెండు రాత్రుల్లో రాదు.

కాబట్టి మాత్రికలు జరుగుతున్న వారాల్లోనే, రోజుకు అరగంట చొప్పున అవకలనం, సమాకలనం ప్రాథమిక సూత్రాలను తిరిగి చేయడం మొదలుపెట్టాలి. గుంటూరు, తెనాలి నుంచి రోజూ కాలేజీ బస్సులో వచ్చిపోయేవారు ప్రయాణంలో సూత్రాలు, సిద్ధాంతాల నియమాలు మననం చేసుకుని, లెక్కలను ఇంటి దగ్గర బల్ల ముందు కాగితం మీదే చేయాలి. పాత ప్రశ్నపత్రాలను యూనిట్ పూర్తయిన వారంలోనే, గడియారం పెట్టుకుని, సూత్రాల కాగితం పక్కన లేకుండా రాయాలి. చివరి వారానికి తప్పుల నోటుపుస్తకంలో ఎక్కువసార్లు పేరుపడిన అంశాలను మాత్రమే మిగుల్చుకోవాలి.