ఇంజిన్‌లో పేరుకునే కార్బన్ – మూడవ పాఠం: థ్రాటిల్ బాడీ శుభ్రపరచడం

గత రెండు పాఠాల్లో కార్బన్ ఎలా పుడుతుందో, ఇంజిన్‌లో ఎక్కడెక్కడ చేరుతుందో తెలుసుకున్నాం. ఈ పాఠం నుంచి పనిలోకి దిగుతున్నాం. పాఠకులు ఒక విషయాన్ని ముందే మనసులో పెట్టుకోవాలి. కార్బన్ ఏ భాగంలో ఉందో తేలనిదే దానికి మందు లేదు. పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్‌లోకి గాలిని వదిలే వాల్వుల) వెనుక భాగంపై చిమ్ముతుంది కనుక అవి ఎప్పటికప్పుడు కడుక్కుపోతూ ఉంటాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది. అందువల్ల ట్యాంకులో పోసే క్లీనర్ ఇంజెక్టర్ల కొనలకు ఉపయోగపడవచ్చు గాని, ఇన్‌టేక్ వాల్వులను తాకనైనా తాకదు. సర్వీసింగుకు వెళ్లినప్పుడు ఎవరైనా ‘డీకార్బ్ (కార్బన్ తొలగించే పని) చేయిద్దాం’ అంటే, ఏ భాగంలో కార్బన్ ఉందని, అది ఎలా తెలిసిందని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే ఆ ఖర్చు పెట్టనవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

పెట్రోలు కారులో ఇంటి దగ్గరే చూసి, శుభ్రం చేసుకోగల భాగం థ్రాటిల్ బాడీ. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి వచ్చే లావుపాటి గొట్టం చివర ఇది ఉంటుంది. లోపల నాణెంలా గుండ్రంగా ఉండే పలక తెరుచుకుంటూ మూసుకుంటూ ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేస్తుంది. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్ కేసు నుంచి, అక్కడి ఆవిరిని ఇంజిన్‌లోకే తిరిగి పంపే పీసీవీ గొట్టం ద్వారా వచ్చే నూనె ఆవిరి సన్నని ధూళితో కలిసి ఈ పలక అంచు చుట్టూ నల్లని జిగట వలయంగా అంటుకుంటుంది. బండి స్లోలో (ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతూ) ఉన్నప్పుడు గాలి వెళ్లేది ఆ అంచు దగ్గరి సన్నని సందులోంచే. అది పూడుకుపోతే సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణకడం, ఏసీ వేయగానే ఆగిపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. వీటికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి, గొట్టం ఊడదీసి టార్చి వేసి చూడకుండా నిర్ధారణకు రాకూడదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, గాలి ఆడే చోట, తాళం చెవి తీసేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి పని మొదలుపెట్టండి. క్లీనర్ తేలిగ్గా మండే ద్రవం కనుక దగ్గరలో నిప్పు ఉండరాదు. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. విప్పకముందు గొట్టాలు, కనెక్టర్లు ఉన్న తీరును ఫోటో తీసుకోండి. గొట్టం మీదో, ఫిల్టర్ డబ్బా మీదో గాలి కొలిచే సెన్సర్ ఉంటే దాని మీద ఈ క్లీనర్ పడకూడదు.

కొనవలసింది థ్రాటిల్ బాడీ క్లీనరే. కార్బురేటర్ క్లీనర్ కాదు. కొన్ని పలకల మీద సన్నని పూత ఉంటుంది, ఘాటైన ద్రావకం దాన్ని పాడుచేస్తుంది. ఉప్పు కాగితం, ఇనుప బ్రష్, బ్లేడు అసలే వాడవద్దు. క్లీనర్‌ను నూలు పోగులు రాలని గుడ్డ మీద చల్లి, పలక అంచును, దాని చుట్టూ ఉన్న గోడను నెమ్మదిగా తుడవండి. గుడ్డ నల్లబడగానే మడత మార్చండి. మూలల్లో మిగిలిన జిగటకు మెత్తని టూత్‌బ్రష్ చాలు. ఇప్పటి కార్లలో పలకను తిప్పేది కేబుల్ కాదు, మోటారు. వేలితో బలంగా నెడితే లోపలి గేర్లు దెబ్బతినే ప్రమాదముంది. తాళం చెవి తిప్పి ఆన్ చేసి, ఆక్సిలరేటర్ తొక్కించి పలక తెరిపించి లోపల వేలు పెట్టడం ఇంకా ప్రమాదకరం. అది ఒక్కసారిగా మూసుకుంటే వేలు నలుగుతుంది. పలక వెనుక కూడా దట్టంగా పేరుకుని ఉంటే థ్రాటిల్ బాడీని విప్పి తుడవాలి. కొన్ని మోడళ్లలో దానికి కూలెంట్ గొట్టాలు కూడా కలిసి ఉంటాయి కనుక ఆ పని మెకానిక్‌కు అప్పగించడమే మేలు.

తడి ఆరాక అన్నీ బిగించి స్టార్ట్ చేయండి. మొదట కొంచెం తడబడినా కంగారు పడవద్దు. మురికి ఉన్నంత కాలం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పలకను కాస్త ఎక్కువ తెరిచి లోటు పూడ్చుకుంటూ వచ్చింది. ఆ అలవాటు వెంటనే పోదు కాబట్టి శుభ్రం చేశాక స్లో పెరిగినట్టు కనిపించవచ్చు. కొన్ని కార్లలో నడిపేకొద్దీ అదే సర్దుకుంటుంది, మరికొన్నింటికి స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకు స్లోను కొత్తగా నేర్పించడం) చేయించాలి. ఇంజిన్ వేడెక్కాక కూడా స్లో నిమిషానికి 1500 చుట్ల దగ్గరే నిలిచిపోతే ముందు గొట్టం క్లిప్పులను చూడండి. ఎక్కడో బిగువు చాలక గాలి దూరుతుండవచ్చు.

వచ్చే పాఠం డీజిల్ కార్లలో పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు గురించి. ఈలోగా మీ కారు మాన్యువల్ తెరిచి, ఇంజిన్ పోర్ట్ ఇంజెక్షనా, డైరెక్ట్ ఇంజెక్షనా, డీజిలా అన్నది రాసి పెట్టుకోండి. పెట్రోలు కారైతే శుభ్రం చేయక ముందు, చేసిన తర్వాత పలక ఫోటోలు తీసి, కిలోమీటర్ల రీడింగుతో సహా భద్రపరచండి.