ఓరియూరు యాత్రకు బయలుదేరే ముందు

తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఓరియూరులో పోర్చుగీసు కతోలిక గురువు పునీత జాన్ డి బ్రిట్టో (అక్కడివారికి అరుళానందర్) 1693 ఫిబ్రవరి 4న వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి, మరణించారు. అక్కడి గుడికి (చర్చికి) వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

- ఫిబ్రవరి 4 పండుగకు జనం బాగా వస్తారు. నెమ్మదిగా ప్రార్థించుకోవాలంటే వేరే రోజు మేలు. పండుగకే వెళ్లాలనుకుంటే బస ముందే ఖాయం చేసుకోండి.

- పూజ (మాస్) తమిళంలో ఉంటుంది. వేళలు బయలుదేరే ముందే ఫోన్‌లో కనుక్కోండి.

- దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) కతోలికులకే. ఇతరులు ఆ సమయంలో తమ చోటే కూర్చుంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు.

- అక్కడి ఎర్ర ఇసుక ఆయన రక్తంతో తడిసి ఆ రంగు వచ్చిందని భక్తుల నమ్మకం. చాలామంది ఇంటికి తెచ్చుకుంటారు. ఎక్కడ తీసుకోవాలో గుడివాళ్లను అడిగి, చిటికెడు మాత్రమే తీసుకోండి. సంచులు నింపడం నా దృష్టిలో భక్తి కాదు. జబ్బులు తగ్గుతాయని ఎవరైనా చెప్పినా మందులు మానకండి, ఇసుకను మింగకండి.

- ఎండ గట్టిగా ఉంటుంది. నీళ్లు, గొడుగు, రోజూ వాడే మాత్రలు మర్చిపోవద్దు. పెద్దవాళ్లుంటే ఉదయాన్నే చేరుకోండి.

- ఊరు చిన్నది, తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే అడగండి.

- భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. ఫోన్ సైలెంట్‌లో. పూజ జరుగుతుండగా సెల్ఫీలు వద్దు.