ఇలియం ఒకటి కాదు, రెండు

కర్నూలులో నీట్ కోచింగ్ తీసుకునే తెలుగు మీడియం పిల్లలకు పనికొచ్చే చిట్కా. తెలుగులో ఇలియం అని ఒకేలా రాస్తాం గానీ, ఇంగ్లీషులో మూడో అక్షరం చూడాలి. అక్కడ ‘ఈ’ ఉంటే చిన్నపేగు చివరి భాగం. బి12 విటమిన్ ఒంటికి పట్టేది అక్కడే. ‘ఐ’ ఉంటే తుంటి ఎముక పైభాగం. నడుం మీద చెయ్యి పెడితే గట్టిగా తగిలే అంచు దానిదే. ‘ఈట్’లో ఈ, ‘హిప్’లో ఐ అనుకుంటే టెన్షన్ ఉండదు. ఇంటెస్టైన్ కదా అని ఐ పెట్టారో, మార్కు గోవిందా! అనంతపురం గ్రౌండ్లలో కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు వినే ‘హిప్ పాయింటర్’ దెబ్బ కూడా ఆ ఎముక అంచుకు తగిలేదే, పేగుకు కాదు.